ఓడిన నాయుడుగారు, గెలిచిన గిరిగారు

ప్రతి ఉగాదికీ మన సంఘపు సభ ముగిసి, ప్రసాదం పంచుకొని, పిల్లలు ఇళ్ళకు పోదామని తొందరపెట్టే వేళకు పెద్దల నడుమ ఒక మాట తప్పక వస్తుంది. "ఇంతమందిమి ఉన్నాము గదా, మనవాడొకడు శాసనసభలో ఉంటే ఎంత బాగుండును!" అని ఒకరంటారు. "మనవాడంటే ఎవరు?" అని ఇంకొకరు అడుగుతారు. అక్కడినుండి మాట కులానికీ, జిల్లాకూ, చివరకు పార్టీలకూ పోయి, ఏమీ తేలకుండానే ఎవరి బండికి వేళైనదని వారు లేచిపోతారు. ఏటేటా తెగక మిగిలిపోతున్న ఈ మాటకు చరిత్రలో ఏమైనా సమాధానం దొరుకునా అని మేము వెదకినాము. వెదకగా 1937 నాటి మదరాసు శాసనసభ ఎన్నికలు కంటబడినవి. ఆ ఎన్నికలలో నిలబడినవారిలో ఇద్దరు తెలుగువారు మా దృష్టిని ప్రత్యేకంగా ఆకర్షించినారు. ఒకరు మన కోయంబత్తూరు వాస్తవ్యులు, వారు ఓడిపోయినారు. రెండవవారు రైల్వే కార్మికుల నాయకులు, వారు గెలిచినారు. ఈ ఇద్దరి కథను పక్కపక్కన పెట్టి చూస్తే మన మాటకు కొంత సమాధానం దొరుకుతుందని మాకు తోచినది.

ముందుగా మన ఊరి సంగతి రెండు మాటలు చెప్పవలెను. పోదనూరులోనూ, చుట్టుపట్లనూ వినిపించే తెలుగు రెండు విధాలు. ఒకటి బదిలీ మీదనో, ఉద్యోగం కొరకో వచ్చిన మావంటివారి తెలుగు. అందులో గుంటూరు, నెల్లూరు, విశాఖపట్టణం యాసలన్నీ కలవు. రెండవది ఎప్పుడో విజయనగర ప్రభువుల కాలంలో, మధుర నాయకరాజుల కాలంలో ఈ దేశానికి వచ్చి, నల్లరేగడి దున్నుకొని, నూలు వడికి, మగ్గం నేసి ఇక్కడనే వేళ్ళూనినవారి తెలుగు. విశ్వనాథ నాయకుడు మధురలో రాజ్యం స్థాపించినది 16వ శతాబ్దిలో. అప్పటినుండి లెక్క వేసుకొంటే వారు వచ్చి నాలుగు వందల ఏండ్లు దాటినది. వారిలో చాలామంది ఇంట తెలుగు మాట్లాడుతారు. కాని చదివేదీ వ్రాసేదీ తమిళమే. మనమో తెలుగు పుస్తకం చదువగలము గాని, పొరుగింటివారితో తమిళంలో నాలుగు మాటలు తడబడకుండా మాట్లాడలేము. వారు మనలను "వచ్చినవారు" అంటారు. మనము వారిని "పాతవారు" అంటాము. ఇరువురినీ కలిపి ఊరివారు "తెలుగువాళ్ళు" అంటారు.

మావంటివారిని ఇక్కడికి తెచ్చినది రైలు. మదరాసునుండి పడమటి సముద్రతీరాన బేపూరు వరకు మదరాసు రైల్వే లైను పూర్తి అయినది 1862లో. ఆ లైను కోయంబత్తూరు పట్టణాన్ని ప్రక్కన వదలి పోదనూరు మీదుగా పోయినది. తరువాత నీలగిరుల పాదాన ఉన్న మేట్టుపాళయానికి ఇక్కడినుండే శాఖ చీలినది. ఆ విధంగా పోదనూరు జంక్షను అయినది. జంక్షను అయినచోట నాలుగు భాషలవారూ చేరుట సహజమే గదా.

ఇక ఆ ఎన్నికల సంగతి. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం క్రింద రాష్ట్రాలకు కొంత స్వపరిపాలన వచ్చినది. మదరాసు శాసనసభకు 215 స్థానాలు. నేటివలె వయస్సు వచ్చిన ప్రతివారికీ ఓటు లేదు. ఆస్తియో, పన్నుకట్టిన రశీదో, చదువో ఉన్న కొద్దిమందికే ఓటు. చదువు రానివారి సౌకర్యం కొరకు రంగురంగుల పెట్టెలు పెట్టినారు. కాంగ్రెసుకు వచ్చినది పసుపుపెట్టె. మన ఇండ్లలో శుభకార్యమంటే పసుపే గదా! ఇక ఆ పక్షంవారికి వేరే వివరణ చెప్పవలసిన పని లేకపోయినది. లెక్క తేలేసరికి 215లో 159 స్థానాలు కాంగ్రెసుకు దక్కినవి. పదునేడేండ్లలో చాలాకాలం మదరాసును పాలించిన జస్టిస్ పక్షం కుప్పకూలినది.

ఇక్కడ ఒక విషయం మరువరాదు. ఆనాడు బొబ్బిలికీ కోయంబత్తూరుకీ ఒకటే శాసనసభ. తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం మాట్లాడే జిల్లాల సభ్యులందరూ మదరాసులో ఒకే కప్పు క్రింద కూర్చునేవారు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రం వేరుపడిన తరువాతనే మన బంధువులకు ఒక శాసనసభ, మనకు ఒక శాసనసభ అయినవి. కనుక 1937లో కోయంబత్తూరులో నిలబడినవారూ, బొబ్బిలిలో నిలబడినవారూ ఒకే సభలో అడుగుపెట్టవలెనని నిలబడినవారే.

కోయంబత్తూరు వారి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. జి. డి. నాయుడు అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. 1893 మార్చి 23న కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామంలో, పాత తెలుగు వ్యవసాయ కుటుంబంలో పుట్టినారు. బడి చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగినది. ఒకనాడు ఒక ఆంగ్ల రెవెన్యూ అధికారి ఎక్కివచ్చిన మోటారు సైకిలును చూచి ఆ కుర్రవానికి అన్నం సహించలేదట. అటువంటిది తానూ కొనవలెనని కోయంబత్తూరు చేరి, హోటలులో బల్లలు తుడిచి వడ్డన చేసి, కొంత డబ్బు కూడబెట్టినాడు. మూడు వందల రూపాయలతో ఆ బండినే కొని, దానిమీద ఊరేగుటకు బదులు మరకు మర విప్పి, మళ్ళీ బిగించి, యంత్రవిద్యను తనకు తానే నేర్చుకొన్నాడు.

1920లో, కోయంబత్తూరులో పేరున్న వ్యాపారి స్టేన్స్ దొర తోడ్పాటుతో ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుండి పళనికి తానే నడిపినారు. అదే కొన్ని సంవత్సరాలలో "యూనివర్సల్ మోటార్ సర్వీస్" అనే పెద్ద సంస్థ అయినది. ఆ బస్సులు వేళకు బయలుదేరి వేళకు చేరేవని ప్రసిద్ధి. మేము రైలువారము, వేళ విలువ మాకు చెప్పనక్కరలేదు. పళని కొండకు పోయే పేద యాత్రికుడికైనా, సంతకు పోయే రైతుకైనా వేళ తప్పని బండి దొరుకుట అంటే అతని ఒక దినపు కూలి నిలుచుట. మా లెక్కలో అదికూడా ప్రజాసేవయే.

అటువంటి నాయుడుగారు 1936లో రాష్ట్ర శాసనసభ ఎన్నికల బరిలోకి దిగినారు. పేరున్నది, ధనమున్నది, వేలమందిని రోజూ మోసే బస్సులున్నవి. అయినను ఓడిపోయినారు. వారిని గూర్చి వ్రాసినవారిలో చాలామంది ఈ ఓటమిని ఒక్క వాక్యంలో దాటిపోతారు. మాకు మాత్రం అసలు కథ ఇక్కడినుండే మొదలైనట్లు తోచినది. ఎందుకనగా, ఎన్నికలో ఓడిన మనిషి మరునాడు ఏమి చేస్తాడనే దానినిబట్టి అతడు ఎందుకు నిలబడినాడో తెలుస్తుంది.

నాయుడుగారు ఏమి చేసినారో చూడండి. ఎన్నికల ఫలితాలు వచ్చిన 1937లోనే పీలమేడులోని వారి కర్మాగారంనుండి మనదేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారు వెలువడినది. దానిని రూపొందించుటలో డి. బాలసుందరం నాయుడుగారి చెయ్యి ముఖ్యమైనది. కోయంబత్తూరు రైతు బావినుండి నీరు తోడే మోటారుకూ, ఈ ఊరి పంపుసెట్ల పరిశ్రమకూ అది శుభారంభం. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి ఇవ్వగలనని ప్రకటించినారు. 1944లో మోటారు వ్యాపారపు బాధ్యతలనుండి తప్పుకొని, పరిశోధక విద్యార్థులకు వేతనాలకూ, తమ ఉద్యోగుల క్షేమానికీ, అణగారినవారి మేలుకూ ధనం కేటాయించినారు.

1945లో వారి పూనికతో, విరాళంతో అప్పటి గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాలయం వెలసినది. నాయుడుగారే దానికి ప్రిన్సిపాలు. ప్రాథమిక తరగతులతో చదువు ఆగినవాడు ఇంజనీరింగు విద్యకు పెద్ద! నాలుగేండ్ల చదువు కాలహరణమనీ, రెండేండ్లు చాలుననీ వారు వాదించినారు. ప్రభుత్వం ఒప్పుకొనలేదు. వారు రాజీనామా చేసి వచ్చినారు. ఆ విద్యాలయం తరువాత వేరే చోటికి మారి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయినది. కాని అవినాశి రోడ్డు మీద బస్సు కండక్టరు నేటికీ "హోప్ కాలేజ్" అనే కేక వేస్తాడు. అక్కడ దిగేవారిలో ఎందరికి ఆ పేరు వెనుక ఉన్న కథ తెలుసునో!

ఇంకొక విచిత్రం. వారు కనిపెట్టిన వస్తువుల పట్టికలో క్షౌరపు బ్లేడు, పండ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా మున్నగువాటితోపాటు, మోసానికి తావులేని ఓటు నమోదు యంత్రం కూడా కలదు. ఎన్నికలో ఓడినవారు సాధారణంగా పెట్టెను తిడతారు. ఈయన పెట్టెను బాగుచేయ చూచినారు. మనదేశంలో ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం మొదటిసారి వాడినది 1982లో, కేరళలోని పరవూరు నియోజకవర్గంలో. అప్పటికి నాయుడుగారు గతించి ఎనిమిదేండ్లు. 1974 జనవరి 4న వారు కన్నుమూసినారు.

అయితే శాసనసభ స్థానం లేకపోయినా అన్నీ సాధించవచ్చునని మేము చెప్పబోవుట లేదు. 1952లో నాయుడుగారు ఇద్దరు కూర్చునే చిన్న కారు తయారుచేసినారు. వెల రెండు వేల రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వనందున అది అంతటితో నిలిచిపోయినది. రెండేండ్ల ఇంజనీరింగు చదువు ఆలోచనా అంతే. చేతులున్నవాడు వస్తువు చేయగలడు. చట్టం చేయుటకు మాత్రం సభలో కూర్చున్నవాడే కావలెను. ఈ సంగతి తెలియవలెనంటే గెలిచినవారి కథ వినవలెను.

వారు వరాహగిరి వెంకటగిరి. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టినారు. న్యాయశాస్త్రం చదువుటకు ఐర్లండు పోయి, అక్కడి స్వాతంత్ర్యోద్యమంవారితో చేయి కలిపినందుకు 1916లో తిరిగి రావలసివచ్చినది. వచ్చినవారు రైల్వే కార్మికుల పక్షం పట్టినారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘం పెట్టి, 1928లో ఉద్యోగాల తగ్గింపునకు ఎదురుగా శాంతియుతంగా సమ్మె నడిపి మెప్పించినారు. ఆ లైను మీద తెలుగు, ఒరియా, బెంగాలీ, హిందీ కార్మికులందరూ కలరు. అందరి కష్టమూ ఒకటే కనుక అందరికీ ఆయన నాయకుడు. అఖిలభారత రైల్వేమెన్స్ ఫెడరేషను స్థాపకులలో వారొకరు.

అదే 1928లో మన దక్షిణాది రైల్వేలోనూ పెద్ద సమ్మె జరిగినది. వర్కుషాపు పనులను పొన్మలైలో కేంద్రీకరించి, వేలాది కార్మికులను తగ్గించాలని కంపెనీ తలపెట్టుట అందుకు కారణం. నాగపట్టణం, పోదనూరు కార్మికులు కూడా అందులో ఉన్నారు. ఆ సమ్మె అణగారిపోయినది. సింగారవేలు మున్నగు నాయకులు చెరసాలకు పోయినారు. రైలు కార్మికుడి బ్రతుకు రైలు పట్టాల మీద కాక శాసనసభలో కూడా తేలవలసి ఉన్నదని ఆ తరంవారికి అట్లు తెలిసివచ్చినది.

1937లో గిరిగారు బొబ్బిలిలో నిలబడినారు. ఎదుట ఉన్నది ఎవరు? సాక్షాత్తు బొబ్బిలి రాజా, శ్రీ రామకృష్ణ రంగారావుగారు. అప్పటి మదరాసు రాష్ట్రపు ప్రధానమంత్రి. ఊరు వారిది, కోట వారిది, జమీందారీ వారిది, ప్రభుత్వమూ వారిదే. గిరిగారి సంగతి చూస్తే, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అందులో కలిసిపోయినది. అనగా పుట్టిన ఊళ్ళోనే పరరాష్ట్రపు తెలుగువాడైన మనిషి ఆయన. మనవంటివాడే అనుకోండి! అటువంటివాడు రాజును రాజు కోట ముందే ఓడించినాడు. ఆ దెబ్బకు దేశమంతా ఉలికిపడినది.

1937 జూలైలో రాజాజీ ప్రధానమంత్రిగా మంత్రివర్గం ఏర్పడినది. గిరిగారు కార్మిక, పరిశ్రమల మంత్రి అయినారు. ఆ రోజులలో కోయంబత్తూరు నూలుమిల్లులలో జీతాలగూర్చి, పనిగంటలగూర్చి పెద్ద అలజడి. ఆ ప్రభుత్వం దానిపై విచారణ జరిపించినది. యజమానులూ కార్మికులూ ఒకచోట కూర్చుండి మాటలతో తేల్చుకొనవలెననునది గిరిగారి జీవితకాలపు సిద్ధాంతం. చూచినారా! బొబ్బిలి రైతు వేసిన ఓటు ఆరేడు వందల మైళ్ళు ప్రయాణం చేసి కోయంబత్తూరు మిల్లుగేటు దగ్గరకు వచ్చినది. అక్కడ గెలిచిన తెలుగువాడు, ఇక్కడ తెలుగువాడు ఓడిన ఊరి కార్మికుల మొర విన్నాడు. ఆ కార్మికులలో తెలుగువారూ ఉన్నారు, తమిళులూ ఉన్నారు. మొర వినేటప్పుడు ఎవరి భాష ఏదని అడుగరు గదా.

కాని గెలుపు కూడా శాశ్వతం కాదు. యుద్ధ సమస్య మీద ఆ మంత్రివర్గం 1939 అక్టోబరులో రాజీనామా చేసినది. గిరిగారు మళ్ళీ 1946లో మదరాసులో మంత్రి. 1952లో పార్లమెంటుకు గెలిచి కేంద్రంలో కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో ఆ పదవికి రాజీనామా. 1957లో పార్వతీపురంలో నిలబడి ఓడిపోయినారు. అది ఇద్దరిని ఎన్నుకొనే నియోజకవర్గం. ఒక స్థానం గిరిజనులకు ప్రత్యేకం. ఓట్ల లెక్క చూస్తే మొదటి రెండు స్థానాలూ గిరిజన అభ్యర్థులకే వచ్చినవి. సామాన్య స్థానం గిరిజనుడికి చెల్లదని గిరిగారు సుప్రీంకోర్టు వరకు పోయినారు. 1959లో తీర్పు దిప్పల సూరిదొరగారి పక్షాన వచ్చినది. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు ఏ జాతివాడైనా సామాన్య స్థానానికి అర్హుడేనని తేలినది. రాజును ఓడించిన మనిషిని మన్యపు మనిషి ఓడించినాడు. ప్రజాస్వామ్యం అంటే ఇదే. పండ్రెండేండ్ల తరువాత, 1969లో, అదే గిరిగారు ఏ పార్టీ అభ్యర్థిగానూ కాక, స్వతంత్రంగా నిలబడి రాష్ట్రపతి అయినారు.

ఇప్పుడు మొదటి మాటకు వద్దాము. "మనవాడంటే ఎవరు?" నాయుడుగారి బస్సు ఎక్కినవారిని ఆయన భాష అడుగలేదు. గిరిగారు సమ్మెలో నిలిచిన కార్మికుడిని జిల్లా అడుగలేదు. ఇద్దరూ నిలబడుటకు ముందే పొరుగువాడికి పనికివచ్చినవారు. ఓడిన తరువాత కూడా ఆ పని మానలేదు. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద ప్రారంభించిన పది కిలోమీటర్ల వంతెనకు జి. డి. నాయుడు పేరు పెట్టినారు. ఆ పేరులో కులం ఉన్నదని కొంత వాదం కూడా చెలరేగినది. ఆ వాదం ఎట్లున్నా, ఒకనాడు ఓటు వేయని ఊరు ఎనిమిది దశాబ్దాల తరువాత ఆయన పేరు మీదుగా నడుస్తున్నది. ఊరు ఆలస్యంగానైనా లెక్క సరిచేసుకొంటుంది.

మా సంగతి కూడ ఒకటి చెప్పుకొనవలెను. మావంటి రైల్వే ఉద్యోగులు ఎన్నికలలో నిలబడరాదు. ఒకరికొరకు ప్రచారం చేయరాదు. ఎవరికి ఓటు వేసినామో చెప్పరాదు. మాకు మిగిలినది ఒక్క ఓటు. ఆ ఒక్కటీ మేము ఒక ఎన్నికలో పోగొట్టుకొన్నాము. తప్పు ఎవరిదీ కాదు, మాదే. బదిలీ మీద వచ్చి మూడేండ్లయినా పేరు పాత ఊరి జాబితాలోనే ఉంచుకొన్నాము. "ఎట్లాగూ తిరిగి పోవువారము గదా" అనే భావం. పోలింగునాడు ఇంటి ముందునుండి వీధివారందరూ పోతుంటే, మా ఇంటివారు గుమ్మంలో నిలబడి, "మనము ఇక్కడివారము కామా?" అని అడిగినారు. మా వద్ద సమాధానం లేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నాలుగు వందల ఏండ్ల క్రిందట వచ్చినవారు ఇక్కడివారు అయినది రాజు ఇచ్చిన పట్టాతో మాత్రమే కాదు. ఊరి బావి, ఊరి బడి, ఊరి తగవు తమవి అనుకొన్నందువలన. ఇల్లు మారినవారికి ఫారం 8, మొదటిసారి పేరు చేర్చుకొనువారికి ఫారం 6. పదునెనిమిది నిండిన మీ పిల్లల పేర్లు ఈ వేసవిలోనే చూచుకొనండి. జాబితా తమిళంలో ఉంటుంది. చదువరాకపోతే పొరుగువారిని అడుగండి. ఆ వంకనైనా నాలుగు తమిళ మాటలు వస్తవి.

ఇక రేపు మనలోనుండి ఎవరైనా నిలబడినా, మన గడపకు ఎవరు వచ్చి ఓటు అడిగినా, కులమూ ఊరూ అడుగుటకు ముందు రెండు ప్రశ్నలు వేయవలెనని మా మనవి. "అయ్యా, ఓటు అడుగుటకు ముందు మీరు మా వీధికి ఏమి చేసినారు? ఓడిపోతే మరునాడు ఏమి చేస్తారు?" మొదటి ప్రశ్నకు చాలామంది ఏదో ఒకటి చెబుతారు. రెండవదానికి సమాధానం చెప్పగలవాడే మనవాడు. అతడు తెలుగువాడైతే సంతోషం, కాకపోయినా మనవాడే.